గుంత దగ్గర కోపం

గుంత తెరిచే ముందు కాస్తులో తాత టోపీ తీస్తాడు. చర్చిలో అయితే పెళ్ళాం దెల్ఫీనా అవ్వ మోచేత్తో డొక్కలో పొడిస్తే గాని తియ్యడు. గుంత దగ్గర ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆదివారం తెల్లవారుతుండగా టోపీ తీసి గోడమీద పెడతాడు, మట్టిలో గుచ్చిన పుల్లల శిలువను పైకి లాగి ముద్దు పెట్టుకుంటాడు, ఆ తరవాతే పార పడతాడు. మట్టి, చాపలు, రేకు, కమిలిన కిత్తనార మట్టలు వరసగా పక్కకు పోతాయి. రాత్రంతా భూమిలో మగ్గిన గొర్రె మాంసం ఆవిరి పైకి లేస్తుంది. దానికి సాన్ తెల్మో ఊళ్ళో సగం కుక్కలు లేచి కూర్చుంటాయి. తక్కిన సగం అప్పటికే గేటు దగ్గర కూర్చుని ఉంటాయి.

ఆ ఫిబ్రవరి ఆదివారం కుక్కలు వచ్చాయి గాని ఆవిరి రాలేదు. చలికి మనిషి నోట్లోంచి వచ్చేపాటి వచ్చి ఆగిపోయింది. తాత కొక్కెం వేసి ఒక తొడ పట్టి లాగాడు. మామూలుగా అయితే ఎముక ఒక్కటే చేతికొస్తుంది, కండ జారి మట్టల మీద పడుతుంది. ఆ రోజు తొడ తొడంతా వచ్చింది. ఆ కాలు ఇంకా తనదేనని గొర్రె పట్టుకుని కూర్చున్నట్టుంది. అడుగున రసం పట్టడానికి పెట్టిన కుండలో శనగలు గులకరాళ్ళలా గలగలమన్నాయి.

రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో ఏడు బల్లలూ నిండి ఉన్నాయి. పచూకా పట్నం నుంచి గంటసేపు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళున్నారు, చర్చిలో మొదటి పూజ ముగించుకుని ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళున్నారు. కోడలు ఒతీలియా ఆ మాంసాన్నే సన్నగా కోసి, పెనం మీద వేయించి, మిరపకాయ పచ్చడి రెండింతలు వేసి, వేడి మొక్కజొన్న రొట్టెల్లో చుట్టి పంపింది. తిన్నవాళ్ళు మర్యాదస్తులు గనక ఏమీ అనలేదు. టైర్ల షాపు అతను ఒక్కడు మాత్రం, "పెద్దాయనా, ముందే చెప్పి ఉంటే మా నాయన కట్టుడు పళ్ళు కూడా అడిగి తెచ్చుకునేవాణ్ణి కదా," అన్నాడు. మూల బల్ల దగ్గర నవ్వారు. తాత నవ్వలేదు.

ఆ లోయలో గుంతలో మాంసం ఉడక్కుండా పచ్చిగా దిగితే కట్టెల గురించి ఎవరూ అడగరు, గాలి గురించీ అడగరు. ఎవరు కోప్పడ్డారని అడుగుతారు. గుంత మూసే వేళ అంచున కోపంతో ఉన్న మనిషి నిలబడితే మాంసం మొండికేస్తుందన్నది అక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అందుకే శనివారం సాయంత్రానికి మొగుడూ పెళ్ళాలు తగువును సోమవారానికి వాయిదా వేసుకుంటారు. మాటల్లేని అన్నదమ్ముల్లో ఒకడు వీధి చివరికి పోయి నిలబడతాడు. చివరి పార మట్టి వేసేవాణ్ణి గుంత పెద్ద అంటారు. కాస్తులో తాత గుంతకు ఆ పెద్దరికం అతని స్నేహితుడు త్రాన్సితోది. త్రాన్సితో ఒక గుక్క కిత్తనార కల్లు తాగి, ఒక గుక్క నేలకు పోసి, "ఎవరికైనా ఎవరి మీదైనా ఏదైనా ఉంటే ఇప్పుడే బయటికి నడవండి," అంటాడు. నేలకు పోసిన గుక్క వైపు మాత్రం కాస్త బెంగగా చూస్తాడు.

ఆ ఆదివారం బల్లల మధ్య ఆ ప్రశ్న వేసింది కూడా త్రాన్సితోనే.

"ఎవరు బావా, నిన్న మొహం మాడ్చుకుని నిలబడింది?"

తాత కత్తి తుడుచుకున్నాడు. పెనం దగ్గరున్న ఒతీలియా వైపు చూడకుండా, "ఇంకెవరు, మా కోడలే. గుంత అంచున నిలబడి నాతో వాదన పెట్టుకుంది," అన్నాడు. ఏడు బల్లలకూ వినబడేలాగే అన్నాడు.

వాదన జరిగిన మాట నిజం. శనివారం మధ్యాహ్నం గుంతలో తుమ్మ మొద్దులు అంటిస్తారు. గుంత గోడలకు పేర్చిన రాళ్ళు ముందు పొగకు నల్లబడతాయి. కాగి కాగి, పట్టిన మసి కూడా కాలిపోయాక తెల్లబడతాయి. తెల్లబడ్డాకే మాంసం దించి మూసెయ్యాలి. ఆ శనివారం తాత, "ఇక చాలు, దించండి," అన్నాడు. ఒతీలియా లోపలికి తొంగిచూసింది.

"మామయ్యా, ఇంకా నల్లగానే ఉన్నాయి. కాసేపు మండనీండి."

"నలభై ఏళ్ళ నుంచి దించుతున్నాను. నువ్వు నాకు చెప్పేదేంటి?"

"నేను కాదు, రాళ్ళు చెప్తున్నాయి."

"ఇటుక బట్టీ వాళ్ళింటి నుంచి వచ్చావు, ఇటుకలు కాల్చుకో. తినే సరుకు మాకొదిలెయ్."

ఒతీలియా పుట్టింటివాళ్ళు తరతరాలుగా ఇటుకలు కాల్చేవాళ్ళే. నిప్పు రంగు చూసి వేడి చెప్పడం ఆమెకు మాటలతో పాటే వచ్చింది. చేతిలోని మట్టలు కింద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తాతకు రాళ్ళు చదవడం తప్ప వేరే చదువు లేదు. రెండో తరగతిలోనే బడి మానేశాడు. పలక మీద అక్షరాలు చీమల్లా పాకిపోతున్నాయని సాకు చెప్పేవాడట. పాకిపోయింది ఈయనే అని దెల్ఫీనా అవ్వ అంటుంది. పొన్సియానో అనే మేనమామ అతణ్ణి గుంత పక్కన కూర్చోబెట్టి, ఏడాది పాటు ఏ పనీ చెప్పకుండా రాళ్ళు చూడమన్నాడు. ఆ చూపుతోనే తాత షెడ్డు వేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లల్ని పెంచాడు. ఒకసారి ఒక బిషప్పు కారు ఆపి దిగి, కుండలోని చారు రెండు గిన్నెలు తాగి వెళ్ళాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా ఒక గిన్నె పెరుగుతూ వచ్చింది. ఇప్పటికి బిషప్పు తొమ్మిది గిన్నెలు తాగాడు.

ఆ చూపే ఏడాదిగా బాగాలేదు. మొదట ఎడమ కంట్లో పాల మీగడ లాంటి పొర కమ్మింది, తరవాత, ఈ చలికాలంలో, కుడి కంట్లో. తాత ఎవరికీ చెప్పలేదు. అతను చెప్పకపోయినా ఊరికి కథలు దొరికాయి. క్రిస్మస్ ముందు, రోడ్డు వారన కొత్తగా పాతిన కరెంటు స్తంభానికి టోపీ ఎత్తి, "ఏం డాక్టరు గారూ, ఇంత పొద్దున్నే?" అని పలకరించాడు. అవ్వ తెల్లకోడి మంచం మీద పడుకుంటే దాన్ని దిండనుకుని తల వాల్చబోయాడు. కోడి వారం రోజులు గుడ్డు పెట్టలేదు. ఇంట్లో వాళ్ళంతా ముసలాయనకు వేళాకోళం ఎక్కువైందనుకున్నారు. అతనూ అలాగే అనుకోనిచ్చాడు.

మంట వేసిన గంటకే రాళ్ళన్నీ తెల్లగా కనబడుతున్నాయి అతనికి. మాంసం పచ్చిగా దిగిన ఆదివారం మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. పైన రేకు కూడా తెల్లగా ఉంది. అది పదేళ్ళుగా తుప్పు పట్టి ఎర్రబడ్డ రేకు. తాత కళ్ళు మూసుకున్నాడు. తరవాత పక్కకు తిరిగి పడుకుని, "కోడలి కోపమే," అని గోడతో చెప్పాడు.

రెండో శనివారం గుంత మూసేటప్పుడు ఒతీలియాను గేటు బయటికి పంపారు. ఆమె వెళ్ళి, ఎదురుగా ఉన్న పిండిమర అరుగు మీద కూర్చుంది. తెల్లారి మాంసం మళ్ళీ పచ్చిగానే దిగింది. ఈసారి షెడ్డులో సగం బల్లలు ఖాళీ. టైర్ల షాపు అతను రాలేదు. అతను వచ్చి వెక్కిరించినా బాగుండేదని తాతకు అనిపించింది.

త్రాన్సితో చాలాసేపు మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. "కోపం మనిషితో పాటు నడుస్తుంది బావా. ఎదురరుగు మీద కూర్చుంటే ఇక్కడున్నట్టే. ఈస్టర్ దాకా పుట్టింటికి పంపు."

తాత అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనం ఇంట్లో అవునుగా చలామణి అయింది. కొడుకు ఫిదెన్సియో మంచివాడే. ఊరూరూ తిరిగి గొర్రెలు కొనుక్కొస్తాడు, అతని అభిప్రాయాలు ఆ గొర్రెల వెనకాల మెల్లగా నడిచొస్తాయి.

"నాన్నకు నిద్ర పట్టడం లేదు. కొన్నాళ్ళు వెళ్ళిరా," అన్నాడు పెళ్ళాంతో.

"నేను వెళ్తే ఆ పని నేనే చేసినట్టు."

"ఎవరూ అలా అనుకోరు."

"ఇప్పటికే అనుకుంటున్నారు. నిన్న పిండిమర దగ్గర నా ముందున్నామె, నేను వెళ్ళగానే పిండి మీద గుడ్డ కప్పింది. నా చూపు పడితే రొట్టెలు పొంగవేమోనని. పదకొండేళ్ళుగా ఈ ఊరి నీళ్ళు తాగుతున్నాను, ఫిదెన్సియో. మన పిల్లలకు రేపు బళ్ళో ఏం పేరు పెడతారో నీకు తెలుసా?"

ఫిదెన్సియోకు తెలుసు. తల దించుకున్నాడు. చివరికి మాట ఇలా కుదిరింది. మూడో ఆదివారం త్రాన్సితో మునిమనవరాలి బాప్తిస్మం, విందు కాస్తులో తాత షెడ్డులోనే, నాలుగు గొర్రెలు. ఆ గుంత కూడా పచ్చిగా దిగితే సోమవారం ఒతీలియా సంచి సర్దుకుని వెళ్ళాలి. ఆమె శుక్రవారమే సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది. లోపలికి బయటికి తిరిగేటప్పుడు తాత కాలికి అది రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ "క్షమించు" అన్నాడు. మొదటిసారి కుక్క అనుకున్నాడు. రెండోసారి అది ఏమిటో తెలిసే అన్నాడు.

మూడో శనివారం మధ్యాహ్నం మంట వేశారు. ఒతీలియాను అప్పుడే గేటు బయటికి పంపేశారు. ఒక బుట్ట మొక్కజొన్న కంకులు తీసుకుని వెళ్ళి మర అరుగు మీద కూర్చుని గింజలు ఒలుస్తోంది. తాత గుంత అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. తెల్లగా ఉన్నాయి. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ఇంకా తెల్లగా ఉన్నాయి. చెయ్యి చాపి వేడి చూడబోయాడు. నలభై ఏళ్ళుగా నిప్పుతో కాపురం చేసిన అరచెయ్యి, గిట్టలాగా గట్టిపడి ఉంది. దానికి వేడి తెలిసి చాలా కాలమైంది.

"ఫిదెన్సియో, ఎలా ఉన్నాయిరా?" అన్నాడు, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"నువ్వెలా అంటే అలా, నాన్నా."

"నిన్నడిగాను."

ఫిదెన్సియో తొంగిచూశాడు. "బాగున్నాయి," అన్నాడు. ఫిదెన్సియోకు అన్నీ బాగానే ఉంటాయి. త్రాన్సితో వైపు చూస్తే, తన గుక్క ముందే తాగేసి, నేలకు పొయ్యాల్సిన గుక్కను కూడా కాపాడుతున్నట్టున్నాడు.

తాత లేచాడు. వాకిట్లో బకెట్‌ను తన్నుకుని, తమాయించుకుని, గేటు దాకా వెళ్ళాడు. మర దగ్గర శనివారం కదా, ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. మోటారు దడదడలాడుతోంది.

"ఒతీలియా, ఒకసారి ఇటు రా."

"రాకూడదుగా మామయ్యా. నాకు కోపం."

"అది కాసేపు పక్కన పెట్టు."

"మొదటి వారం అంత లేదు. రెండో వారం కొంచెం ఉంది. ఇప్పుడు నిండా ఉంది. మీ గుంతకు అస్సలు మంచిది కాదు." ఆమె చేతులు గింజలు ఒలవడం ఆపలేదు.

"రాళ్ళు చూడాలమ్మాయ్."

"మీకున్నాయిగా, నలభై ఏళ్ళ కళ్ళు."

తాత గేటు ఊచలు పట్టుకున్నాడు. మోటారు హోరులో ఆమెకొక్కదానికే చేరేలా, "అవి పనిచెయ్యడం లేదు," అన్నాడు.

ఒతీలియా చేతిలోని కంకి ఆగింది. ఆమెకు వినబడింది. వినబడిందని తాతకూ తెలిసింది. అయినా ఆమె లేవలేదు.

"నా పేరు ఏడు బల్లలకు వినబడేలా చెప్పారు మామయ్యా. ఇదీ అలాగే చెప్పండి."

మర నడిపే హెర్మీనియా అప్పుడే మోటారు ఆపేసింది. సాయం చేద్దామని కాదు, విందామని. రోడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తాత టోపీ తీశాడు. తీసి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా కోడలి తప్పేం లేదు," అన్నాడు. వరస వైపు తిరిగి చెబుతున్నాననుకున్నాడు గాని, పాపం, కొంచెం పక్కకు, మర తలుపుతో చెబుతున్నాడు. "ఆమె కోపం వల్ల కాదు. నాకు కనబడటం లేదు. ఏడాదైంది. మంట వెయ్యగానే రాళ్ళు తెల్లగా కనబడుతున్నాయి నాకు. ఆమె మొదటి రోజే చెప్పింది నల్లగా ఉన్నాయని. నేను వినలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "అయితే ఆ డాక్టరు గారు..." అంటూ మొదలుపెట్టి, పక్కామె గిచ్చితే ఆపేశారు. తాత చెవులు ఎర్రబడ్డాయి. చెవులు మాత్రం ఇప్పటికీ బాగా పనిచేస్తాయి.

ఒతీలియా ఒళ్ళో గింజలు దులుపుకుని రోడ్డు దాటి వచ్చింది. గేటు దగ్గర ఆగింది.

"కోపం పోలేదు. ముందే చెప్తున్నాను."

"రా."

"మాంసం చెడితే?"

మేనమామ పొన్సియానో చెప్పిన మాటల్లో తాత ఎన్నడూ దాటనిది అదొక్కటే, కోపంతో ఉన్న మనిషిని గుంత దగ్గరికి రానివ్వొద్దని. గేటు తీసి పక్కకు జరిగాడు. త్రాన్సితో గుంత దగ్గర్నుంచి, "బావా, ఇదేంటి, ఇంత మొహం మాడ్చుకున్న మనిషిని," అన్నాడు.

"నువ్వు నీ మట్టి సంగతి చూసుకో, బావా."

ఒతీలియా వంగి చూసింది. "నల్లగా ఉన్నాయి. మూలల్లో తడి కూడా ఆరలేదు. ఇంకో రెండు మోపులు కట్టె పడాలి."

"ఎంతసేపు?"

"గంట పైనే."

గంట పైనే ఇద్దరూ గుంత అంచున పక్కపక్కన కూర్చున్నారు. ఆమె మొహం ఉరిమేలా ఉంది. వాకిట్లో కోడి కూడా అటు రాలేదు. మధ్యమధ్యలో తాత, "ఇప్పుడు?" అనేవాడు. "బూడిదరంగు," అనేది. మళ్ళీ, "ఇప్పుడు?" అంటే, "అడక్కండి, నేనే చెప్తాను," అంది. పొద్దు కొండ వెనక్కి దిగుతుండగా, "ఇప్పుడు," అంది. ఆ ఒక్క మాటకు నలుగురూ లేచారు. కుండ దించారు, మట్టలు పరిచారు, మాంసం దించారు, మట్టలు కప్పారు, రేకు, చాపలు, మట్టి. త్రాన్సితో తన మాట అన్నాడు, ఎవరికైనా ఏదైనా ఉంటే బయటికి నడవమని. అని ఒతీలియా వైపు చూశాడు. ఆమె కదల్లేదు. తాత ఆమె పక్కనే నిలబడ్డాడు. త్రాన్సితో శిలువ గుర్తు వేసుకుని మట్టి పోశాడు. వేసుకోవడం ఒక్కసారి సరిపోదేమోనని రెండుసార్లు వేసుకున్నాడు.

తెల్లారి గుంత తెరిచారు. మొదటి చాప తీసేసరికే ఆవిరి తాత మొహాన కొట్టింది. కొక్కెం వేసి లాగితే ఎముక ఒక్కటే చేతికొచ్చింది, తుడిచి పెట్టినంత శుభ్రంగా. శనగలు వేళ్ళ మధ్య మెదిగాయి. బాప్తిస్మం విందులో నాలుగు గొర్రెలూ పది గంటలకల్లా అయిపోయాయి. త్రాన్సితో మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఆ రోజు ఎవరు కోప్పడ్డారని ఎవరూ అడగలేదు. అందరూ ఒతీలియా మొహం చూశారు, పళ్ళెంలోకి చూశారు, తిన్నారు. ఆమె మాంసం కోస్తూనే ఉంది. ఆమె మొహం శనివారం సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది. గుమ్మం పక్కన సంచి కూడా విప్పలేదు. వెళ్తానని అనలేదు, ఉంటాననీ అనలేదు.

జనం పలచబడ్డాక తాత గోడ నీడలో, బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. చారు గిన్నె చేతిలో ఉంది గాని తాగడం లేదు. దెల్ఫీనా అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"బాగా ఉడికింది," అంది.

"ఉడికింది."

"దాని కోపం ఇంకా పోలేదు, చూశావా?"

"చూడలేదు. తెలుస్తూనే ఉంది."

అవ్వ రొట్టెల గుడ్డ ఒళ్ళో పరుచుకుంది. తరవాత, రొట్టెల గురించి మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. "ఫిదెన్సియో పాలు తాగే ఏడు ఒకసారి పచ్చిగా దిగింది. నా కోపమే అన్నావు. పుట్టింటికి పంపావు. పిల్లాణ్ణి చంకనేసుకుని కొండ దాటి నడిచి వెళ్ళాను. రెండు నెలలు. తిరిగొచ్చాక కూడా చాలా రోజులు బావి దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు."

తాత గిన్నె నేల మీద పెట్టాడు. ఆ ఏడు అతనికి బాగానే గుర్తుంది. వానలు ముందుగా పడ్డాయి.

"ఆ ఏడు కట్టెలు తడిశాయి, దెల్ఫీనా."

"తెలుసు. అవి పేర్చింది నేనే. ఆ రోజే నీకు చెప్పాను."

"చెప్పావా?"

"చెప్పాను. నీకు కోపం వచ్చింది."

అవతల ఒతీలియా కత్తి రాయి మీద నూరుతోంది. అవ్వ లేచి, చిరిగిపోయిన రొట్టెల గుడ్డ మడిచి భుజాన వేసుకుని, బల్లలు తుడవడానికి వెళ్ళింది. తాత కూర్చున్నచోటే ఉండిపోయి, నలభై ఏళ్ళలో ఎవరెవరిని గేటు బయటికి పంపాడో ఒక్కొక్కరినే గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఒక పనివాడు, నత్తివాడు, మళ్ళీ ఎక్కడా గుంత పని దొరకలేదు వాడికి. సొంత తమ్ముడు, వేరే ఊరికి కాపురం మార్చుకుని అక్కడే పోయాడు. ఇంకా ఉన్నారు. మధ్యాహ్నం ఎండ గోడ నీడను తినేస్తూ కాళ్ళ దాకా వచ్చింది, తాత అలాగే వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు.